ఒకసారి నమస్కారం పెట్టి చూడండి: నలభై దాటిన ఆడవాళ్ళు, కొల్లాజెన్

తిరుపతిలో ఆడవాళ్ళ ఆరోగ్యం మీద జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.

అందరూ ఒకసారి నమస్కారం పెట్టండమ్మా. నాకు కాదు, మీ చేతులు మీరే చూసుకోడానికి. మోచేతులు రెండు పక్కలకీ ఎత్తండి, ఇంకొంచెం, భుజాల ఎత్తుకి. ఇప్పుడు అరచేతులు రెండూ గట్టిగా అదమండి. అదిమారా? వేళ్ళు చూసుకోండి. చిటికెనవేలి దగ్గర, ఉంగరం వేలి దగ్గర చూడండి. వేలికి వేలు మొదటి నుంచి చివరిదాకా అంటుకుందా? లేకపోతే మధ్యలో పెన్సిలు దూరేంత సందు మిగిలిందా?

సందు మిగిలినవాళ్ళని చేతులెత్తమని అడగను, భయపడొద్దు. పక్కావిడ చేతులకేసి చూడ్డం కూడా ఆపండి! షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో ఇది తరచుగా కనబడుతుంది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరే ప్రార్థన గుర్తు. సందు ఉన్నంత మాత్రాన షుగరు ఉన్నట్టు కాదు, కీళ్ళవాతంలోనూ ఉంటుంది, పాత దెబ్బల వల్లా ఉంటుంది. కానీ ఎప్పుడూ షుగరు చూపించుకోనివాళ్ళు ఈ వారంలో చూపించుకోండి.

ఆ వేళ్ళు ఎందుకు చాపుకోలేకపోతున్నాయి? ఎముక బాగానే ఉంది, కండ బాగానే ఉంది. వేళ్ళ చుట్టూ ఉన్న చర్మం, లోపలి పొరలు, కండని ఎముకకి కట్టే తాళ్ళు బిగుసుకుపోయాయి. వాటన్నిటిలో ఉండేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. రక్తంలో ఎక్కువైన చక్కెర పోయి ఆ కొల్లాజెన్‌కి అతుక్కుంటుంది. పాకం కారినచోట వేళ్ళు అతుక్కున్నట్టు ఒక పోగుకి ఇంకో పోగు అతుక్కుపోతుంది. మీరు మూడు నెలలకోసారి చేయించుకునే షుగరు పరీక్ష ఉంది కదా, హెచ్‌బీఏ1సీ, అది కూడా ఇదే లెక్క, కాకపోతే రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అతుక్కుందో చూస్తారు. ఎర్రకణం బతికేది 120 రోజులు. అందుకే ఆ పరీక్ష మూడు నెలల సంగతి చెబుతుంది. మరి కొల్లాజెన్ ఎన్నాళ్ళు ఉంటుంది? చర్మంలోది సగం మారడానికి సుమారు 15 ఏళ్ళు. కీళ్ళ మధ్య మెత్తటి ఎముక ఉంటుందే, మృదులాస్థి, అందులోది సగం మారడానికి వంద ఏళ్ళకి పైన అని లెక్కగట్టారు. అంటే మీ మోకాల్లో ఉన్నది దాదాపుగా మీ చిన్నప్పుడు తయారైందే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, డబ్బా పొడుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ దీని అవసరం పడుతుంది.

ఈ కొల్లాజెన్ అనే మాట మీరు ఎక్కడ విన్నారు? ముఖానికి పూసే క్రీముల ప్రకటనల్లో, ఫోన్లో వచ్చే వీడియోల్లో. అందుకే ఇదేదో ముడతల సంగతి అనుకుంటాం. మన ఒంట్లో ఉన్న ప్రోటీన్ మొత్తంలో దాదాపు మూడో వంతు ఇదేనమ్మా. చర్మం, ఎముక, కీళ్ళ మెత్తటి ఎముక, రక్తనాళాల గోడ, పళ్ళ చిగుళ్ళు, గర్భసంచిని పట్టి ఉంచే కట్లు, అన్నీ దీంతోనే. ముఖం మీద ముడత ఒక్కటే కనబడుతుంది కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం.

ఇదిగో, ఇది చూడండి. కోడి కాలి ఎముక. దీన్ని శుభ్రంగా గీకి, సీసాలో వెనిగర్ పోసి నాలుగు రోజులు నానబెట్టాం, మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చాం. మొదటి రోజు సన్నటి బుడగలు వస్తాయి. ఎముకలోని ఖనిజం కరిగిపోవడం అది. ఇప్పుడు వంచుతున్నా చూడండి. విరిగిందా? రబ్బరులాగా వంగింది. ముందు వరుసలోవాళ్ళు చేత్తో పట్టుకుని చూసి వెనక్కి పంపండి, కంపు కొట్టదు, కొంచెం పులుపు వాసన అంతే. మీ చేతిలో ఉన్నది ఎముకలోని కొల్లాజెన్. ఇక ఈ రెండో ఎముక బొగ్గుల మీద బాగా కాల్చింది. కొల్లాజెన్ కాలిపోయింది, ఖనిజం మిగిలింది. ఆకారం అట్లాగే ఉంది కదా? వేళ్ళతో నొక్కుతున్నా. పొడి అయిపోయింది, చూశారా!

ఎముకకి కాల్షియం కావాలి, కాల్షియం కావాలి అని మనకి చెప్పీ చెప్పీ అలవాటు చేశారు. ఇంటి స్లాబులో సిమెంటు ఒక్కటే ఉంటుందా? కమ్మీ ఉండొద్దా? కమ్మీ కొల్లాజెన్, సిమెంటు కాల్షియం. కమ్మీ తుప్పు పట్టిన స్లాబు మీద ఎంత సిమెంటు పూస్తే ఏం లాభం?

మూడు పురుల తాడు

ఇది ఎట్లా తయారవుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. కొల్లాజెన్ అంటే మూడు పురులు కలిపి పేనిన తాడు. మన మోకుతాడులాగా. ఈ ఆకారాన్ని కనిపెట్టింది ఎక్కడో కాదు, మన పక్కనే మద్రాసులో. 1954లో జి.ఎన్. రామచంద్రన్ గారు, గోపీనాథ్ కర్తా గారు మద్రాసు విశ్వవిద్యాలయంలో తేల్చారు. కొల్లాజెన్ నమూనా ఎక్కడ దొరికింది? పొరుగునే ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థలో. ఆ తర్వాత కాలంలో మన తెలుగువారు యలవర్తి నాయుడమ్మ గారు నడిపిన సంస్థ అది. తోళ్ళకీ దీనికీ సంబంధం ఏంటి అంటారా? తోలంటేనే కొల్లాజెన్. మీ కాళ్ళకున్నది తోలు చెప్పయితే అదీ ఇదే.

సరే, తాడు. ఒక్కో పురీ అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. అందులో ప్రతి మూడో పూస గ్లైసిన్ అనే చాలా చిన్న పూస. మూడు పురులు కలిసే లోపలి సందులో అంతకన్నా పెద్దది పట్టదు. మిగతావాటిలో ప్రోలిన్ ఎక్కువ. పురులు విడిపోకుండా ఒక ముడి పడాలి. ఆ ముడి వేసే పనికి విటమిన్ సి కావాలి. అది లేకపోతే తాడు మన ఒంటి వేడికే విడిపోతుంది. పూర్వం ఓడల్లో నెలల తరబడి తిరిగేవాళ్ళకి చిగుళ్ళు కారి, ఎప్పుడో మానిన పుండ్లు మళ్ళీ తెరుచుకునేవి. స్కర్వీ అంటారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నిమ్మ, నారింజ ఇచ్చి చూశాడు, వాళ్ళే కోలుకున్నారు. మానిన పుండు మళ్ళీ ఎందుకు తెరుచుకుంటుంది, ఆలోచించండి. మచ్చలో ఉన్న కొల్లాజెన్ ఎప్పుడూ పాతది పోతూ, కొత్తది వస్తూ ఉంటుంది కాబట్టి. కొత్తది రావడం ఆగితే కుట్టు విప్పినట్టే.

నెలసరి ఆగిన ఐదేళ్ళు

ఇప్పుడు అసలు సంగతి. మన దేశంలో ఆడవాళ్ళకి నెలసరి ఆగే సగటు వయసు 46, 47. పశ్చిమ దేశాల్లో 51. అంటే మనకి నాలుగైదేళ్ళు ముందే వస్తుంది. కొల్లాజెన్ నేసే కణాలకి ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక తాకీదులాంటిది. అది తగ్గితే మగ్గం నెమ్మదిస్తుంది. నెలసరి ఆగిన మొదటి ఐదేళ్ళలో చర్మంలోని కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. ఆ తర్వాత ఏడాదికి సుమారు 2 శాతం. వయసు వల్ల మెల్లగా తగ్గడం మగవాళ్ళకీ ఉంటుంది, ఇట్లా ఒక్కసారి పడిపోవడం మనకే. ఎముక కూడా ఆ ఐదారేళ్ళలోనే జోరుగా పలచబడుతుంది. కాబట్టి 60 వచ్చాక చూసుకుందాంలే అంటే, అప్పటికి పోవాల్సిందాంట్లో చాలా భాగం పోయి ఉంటుంది.

మన రాష్ట్రం గురించి ఒక మాట చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో? 8.9 శాతం. దేశంలో మనమే మొదటివాళ్ళం. "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు ఆ సంచి, తీసేయిద్దాం" అనే మాట మన ఊళ్ళలో ఎంత తేలిగ్గా అంటారో మీకు తెలుసు. సంచితోపాటు అండాశయాలు రెండూ తీసేస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజెన్ ఆగిపోతుంది. 35 ఏళ్ళ పిల్లకి 50 ఏళ్ళ ఎముక మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో నెలసరి ఆగే మార్పులు తొందరగా వస్తాయి. క్యాన్సరుకో, ఆగని రక్తస్రావానికో తీయాల్సి వస్తే తీయించుకోవాల్సిందే. కానీ తెల్లబట్టకీ, నడుం నొప్పికీ సంచి తీయించుకోవద్దు. ఇప్పటికే అయిపోయినవాళ్ళు డిశ్చార్జి కాగితం వెతికి, అండాశయాలు ఉన్నాయా తీశారా అని రాసింది చూసుకోండి. తీసి ఉంటే, 45 కూడా దాటకపోతే, హార్మోన్ మందు వాడాలా అని డాక్టర్ని అడగండి. హార్మోన్ అంటే అందరికీ క్యాన్సరే అని కాదు. నెలసరి ఆగిన పదేళ్ళలోపు, 60 ఏళ్ళలోపు మొదలుపెడితే చాలామందికి లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు మాత్రం వాడకూడదు.

ఇంకో సంగతి, ఎవరూ పైకి చెప్పనిది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, నవ్వినప్పుడు రెండు చుక్కలు పడతాయి. ఎంతమందికి? సరే, చెప్పొద్దు. మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసేది కండ, పక్కల నుంచి పట్టేది కొల్లాజెన్ కట్లు. కాన్పుల్లో సాగినవి, ఈస్ట్రోజెన్ తగ్గాక ఇంకా వదులవుతాయి. కట్లని మనం బిగించలేం, కండని బిగించొచ్చు. ఎట్లా? గ్యాసు బయటికి పోకుండా ఆపుకుంటారు కదా, ఆ కండ. దాన్ని లోపలికీ పైకీ లాగి 5 సెకన్లు పట్టండి, 5 సెకన్లు వదలండి. ఇట్లా 10 సార్లు, రోజుకి మూడు పూటలు. మెల్లగా 10 సెకన్లకి పెంచండి. మూడు నెలలు చేయాలి. మూడు వారాలు చేసి ఏం కాలేదని మానేస్తారు, అక్కడే తప్పు. ఇంకో తప్పు, ఊపిరి బిగబట్టి పిరుదులు బిగించడం. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, పొట్ట గట్టిపడితే మీరు తప్పు కండ బిగిస్తున్నట్టు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంలా చేయొద్దు. బిందె ఎత్తే ముందు, దగ్గు వచ్చే ముందు ఒకసారి బిగించి ఆ తర్వాత ఎత్తండి. కింద ఏదో గడ్డలా తగులుతుంటే మాత్రం వ్యాయామంతో సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి. ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, సంచిని పైకి నిలబెట్టే రింగులు కూడా ఉన్నాయి.

పొడులు, గమ్మీలు, క్రీములు

ముందు క్రీము. కొల్లాజెన్ అణువు ఎంత పెద్దదంటే, చర్మం లోపలికి దూరగలిగే అణువు బరువు సుమారు 500 అనుకుంటే, దీనిది మూడు లక్షలు. గుడి తలుపు సందులోంచి రథాన్ని తోయడం లాంటిది. కొల్లాజెన్ క్రీము పైన ఉండి తేమ పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పనికి కొబ్బరినూనె చాలు.

పొడి సంగతి వేరు. అందులో ఉండేది ఎద్దు తోలు నుంచో, చేప తోలు, పొలుసుల నుంచో, పంది తోలు నుంచో తీసి ముక్కలు ముక్కలు చేసిన కొల్లాజెన్. చెట్ల నుంచి వచ్చే కొల్లాజెన్ లేదు. లేదంటే లేదు. శాకాహారం అని రాసి అమ్మేవాటిలో విటమిన్ సి, ఇంకా కొన్ని పదార్థాలు ఉంటాయి గానీ కొల్లాజెన్ ఉండదు. ఇది తిరుపతి, నీచు ముట్టనివాళ్ళు ఎక్కువ. డబ్బా మీద గుర్తు చూడండి: ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. కొల్లాజెన్ అని రాసి ఆకుపచ్చ చుక్క ఉందంటే, లోపల కొల్లాజెన్ లేదని అర్థం.

తాగితే ఏమవుతుంది? తాగింది తిన్నగా మోకాలికి పోయి అతుక్కోదు. కడుపులో అరిగి చిన్న ముక్కలవుతుంది. కొన్ని ముక్కలు రెండు మూడు పూసలతో అట్లాగే రక్తంలోకి చేరతాయి, నిజమే. అవి కణాలకి తాడు తెగిందన్న కబురు అందిస్తాయని ఒక వాదన. చర్మంలో తేమ, సాగే గుణం కొంచెం మెరుగైనట్టు చాలా పరిశోధనల్లో వచ్చింది. అయితే 2025లో 23 ప్రయోగాలని కలిపి చూసిన ఒక సమీక్షలో, కంపెనీల డబ్బు లేకుండా జరిగినవాటిని విడదీస్తే ఆ లాభం కనబడలేదు. ఎముకల మీద 2018లో ఒక ప్రయోగం వచ్చింది. నెలసరి ఆగిన 131 మందితో మొదలుపెట్టి, రోజుకి 5 గ్రాములు, ఏడాది ఇచ్చారు. ఎముక సాంద్రత కొంచెం పెరిగింది. బాగానే ఉంది, కానీ ఒక్క చిన్న ప్రయోగం మీద నెలనెలా వేలు పోయమని నేను చెప్పను. మోకాళ్ళ మెత్తటి ఎముక? వంద ఏళ్ళకీ సగం మారనిది మూడు నెలల డబ్బాతో మళ్ళీ పుడుతుందా? నొప్పి కొంచెం తగ్గితే తగ్గొచ్చు, అరిగింది మాత్రం తిరిగి రాదు.

ఇష్టపడి వాడతామంటే వాడండి, కాదనను. నాలుగు సంగతులు చూసుకోండి. ప్రయోగాల్లో ఇచ్చింది రోజుకి రెండున్నర నుంచి 10 గ్రాములు. గమ్మీ, అంటే నమిలే జెల్లీ బిళ్ళ మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటే, తక్కువలో తక్కువ ఐదు నమలాలి, ఐదింటి చక్కెరతో సహా. రెండోది, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా లేదా. మూడోది, కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు. కొల్లాజెన్‌లో ఉండే ఒక పూస ఒంట్లో విరిగి ఆక్సలేట్‌గా మారుతుంది, రాయికి అదే సరుకు. నాలుగోది చాలామందికి తెలియదు: ఈ అందం పొడుల్లో బయోటిన్ కలుపుతారు. అది మిల్లీగ్రాముల్లో ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పుగా వస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందే ఆపేసి, ల్యాబులో కూడా చెప్పండి.

మరి మేక కాళ్ళ పులుసు? ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. రాత్రి మిగిలిన పులుసు పొద్దున్నకి గడ్డ కడుతుంది కదా, ఆ గడ్డే జెలటిన్, ఉడికిన కొల్లాజెన్. డబ్బాలో ఉన్నదానికి అన్న. ఆదివారం తినండి, హాయిగా. కానీ అందులో కాల్షియం ఎక్కువ అనుకోవద్దు, ఎముకలోది నీళ్ళలోకి దిగేది చాలా తక్కువ. ఇంకోటి, కొల్లాజెన్ ప్రోటీనే అయినా అందులో ట్రిప్టోఫాన్ అనే పూస అసలు లేదు. అందుకని పులుసు తాగాం, పప్పూ గుడ్డూ మానేద్దాం అంటే కుదరదు.

పళ్ళెంలో ఏం ఉండాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆడవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్. వయసు పైబడేవాళ్ళకి ఒక గ్రాము పెట్టుకుంటే మంచిది. 55 కిలోల మనిషికి 55 గ్రాములు. అన్నం, రసం, ఊరగాయ, మజ్జిగతో ఎంత వస్తుంది? సగం కూడా రాదు. ఇంట్లో అందరికీ పెట్టి, చివర్లో మిగిలింది రసమే కదా మనకి.

మన చిత్తూరు వంటలోనే ఆ 55 ఉన్నాయి, వెతుక్కోవాలి అంతే. రోజంతా అన్నానికి 150 గ్రాముల బియ్యం, 10, 11 గ్రాములు. సంగటిలో 60 గ్రాముల రాగిపిండి, 4 గ్రాములు. నంజుకునే ఊరిబిండిలో 30 గ్రాముల చెనక్కాయ విత్తనాలు, 7. పప్పు 30 గ్రాములు, 6, 7. సాయంత్రం ఉలవ గుగ్గుళ్ళో, అనప గుగ్గుళ్ళో పిడికెడు, 6. గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిపి 12, 13. ఒక గుడ్డు, 6. లెక్కేయండి, 52, 53 వచ్చింది. గుడ్డు తినని ఇళ్ళలో పితికిపప్పు ఇంకో గరిటె. అదే రాగిపిండిలో 200 మిల్లీగ్రాముల కాల్షియం కూడా ఉంది. పాలూ పెరుగులో దాదాపు 500, చెంచాడు పొట్టు నువ్వుల్లో 130, గుప్పెడు మునగాకులో 100కి పైన. నెలసరి ఆగినవాళ్ళకి రోజుకి 1200 కావాలి. తిండితో 900 దాకా వస్తే మిగతా 300కి అరమాత్ర దాదాపు చాలు.

మాత్ర అంటే గుర్తొచ్చింది. కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. తిన్న వెంటనే వేసుకోవాలి, పరగడుపున ఒంటపట్టదు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం. ఐరన్ మాత్రతో కలిపి మింగొద్దు, ఒకటి ఇంకోదాన్ని అడ్డుకుంటుంది. పొద్దున్నే మూడూ ఒక్క గుక్కలో మింగేసి, ఏం పనిచేయలేదంటే మాత్రలది తప్పు కాదు.

విటమిన్ సి రోజుకి 65 మిల్లీగ్రాములు. ఒక జామకాయో, ఒక పెద్ద ఉసిరికాయో చాలు. నిమ్మకాయ మంచిదే గానీ ఒక కాయ రసంలో 15 కూడా ఉండదు. అదీ పొయ్యి దించాక పిండాలి, మరిగేదాంట్లో పిండితే పులుపు మిగులుతుంది, విటమిన్ పోతుంది.

ఎండ గురించి మన ఊరి సంగతే చెబుతాను. స్విమ్స్ ఆసుపత్రివాళ్ళు నెలసరి ఆగిన 164 మంది దక్షిణాది ఆడవాళ్ళని పరీక్షించి 2005లో అచ్చువేశారు. 82 శాతం మందికి విటమిన్ డి చాలలేదు. తిరుపతి ఎండలో! ఎందుకంటే మనం ఎండలో ఉండేది పొద్దున్న, సాయంత్రం. విటమిన్ డి తయారయ్యేది 11 నుంచి 2 మధ్య, మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడు. పొద్దున్నే ఏడింటి లేత ఎండ హాయి, అంతే. మరి ఆ మధ్యాహ్నపు ఎండే చర్మంలోని కొల్లాజెన్‌ని తెంచుతుంది కదా? తెంచుతుంది. అందుకే ముఖానికి కొంగు కప్పుకుని, చేతులు, పాదాల పైన పిక్కల దాకా ఓ 15, 20 నిమిషాలు పెట్టండి. బట్టలు ఆరేసేటప్పుడు చాలు. మిగతా పొద్దు గొడుగు. లోపం తేలితే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి వారానికొకటి, 8 వారాలు, ఆ తర్వాత నెలకొకటి. ఇక్కడ జరిగే పొరపాటు, వారానికొకటి అన్నది ఏడాదంతా తాగడం. కాల్షియం రక్తంలో పేరుకుని వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు. చీటీలో ఎన్ని వారాలు అని రాసి ఉందో చూసుకోండి.

ఒక హెచ్చరిక చెప్పి ప్రశ్నలకి వస్తాను. తెల్లబడతామని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులున్నాయి. వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. రెండు వారాలు మెరుస్తుంది. నెలలు గడిస్తే కొల్లాజెన్ తగ్గి చర్మం ఉల్లిపొరలా అవుతుంది, ఎర్రటి సన్న నరాలు పైకి కనబడతాయి, వెంట్రుకలు మొలుస్తాయి. వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపినా ముఖం మండిపోతుంది, చర్మం డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించండి. మోకాళ్ళ నొప్పికి పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మందు రెండు రోజుల్లో మాయ చేస్తే, అందులోనూ ఇదే ఉండొచ్చని అనుమానించండి. ఎముకని లోపల నుంచి తినేస్తుంది. చర్మానికి కొల్లాజెన్ నిజంగా పెంచేది ట్రెటినాయిన్ అనే పూతమందు. 0.025 శాతం, శనగగింజంత, రాత్రిపూట, మొదట రోజు మార్చి రోజు. పొట్టు లేస్తుంది, తట్టుకోవాలి, ఫలితానికి నాలుగైదు నెలలు. అదీ డాక్టరు రాస్తేనే. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు వద్దు.

వెనక నుంచి చీటీ వచ్చింది. "మోకాళ్ళ నొప్పులున్నాయి, మెట్లెక్కి కొండకి పోవచ్చా?" మంచి ప్రశ్న. మెత్తటి ఎముకకి రక్తనాళాలు లేవమ్మా. స్పాంజిని నొక్కి వదిలితే నీళ్ళు పోయి వచ్చినట్టు, నడిచినప్పుడే దానికి తిండి. కాబట్టి కూర్చోబెడితే మోకాలికి మేలు జరగదు. కానీ అలిపిరి దారిలో 3,550 మెట్లు. ముందు ఆరు వారాలు ఇంట్లో తయారవ్వండి. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, రోజుకి మూడు విడతలు. గోడ పట్టుకుని మడమలెత్తడం 15 సార్లు. మోకాలు వాచి ఉంటే, వేడిగా ఉంటే, ఆ రోజు వద్దు. ఎక్కేటప్పుడు గోవిందా అని గట్టిగా అనగలిగేంత ఊపిరి మిగలాలి. మిగలకపోతే కూర్చోండి. దిగడం మాత్రం బస్సులోనే. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకి మూడింతలకి పైగా పడుతుంది. మొక్కు ఉంది, దిగి తీరాలి అంటే కర్ర తీసుకోండి, నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.